హాలిఫాక్స్ నుంచి విన్నిపెగ్ దాకా: కెనడా యూదుల గొంతులు వింటూ

కెనడా వెళ్ళొచ్చానంటే అందరూ నయాగరా ఫోటోలు చూపించమంటున్నారు, నయాగరా వెళ్ళలేదు అంటే నమ్మట్లేదు. ఈసారి వెళ్ళింది వేరే పని మీద. అక్కడి యూదుల్లో పెద్దవయసు వాళ్ళు చెప్పిన సంగతులు, అంటే ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ ఓడ ఎక్కారు, ఎవరి దగ్గర బట్టలు కుట్టారు, పక్కింటివాళ్ళు ఎలా చూశారు, ఇవన్నీ లైబ్రరీలూ మ్యూజియంలూ వాళ్ళ గొంతుల్లోనే రికార్డు చేసి దాచుకుంటూ వస్తున్నాయి, కొన్నిచోట్ల 1970ల నుంచీ. మౌఖిక చరిత్ర అంటాం కదా, అదే. చాలావరకు ఇంట్లో కూర్చుని నెట్‌లో వినొచ్చు, నేనూ అలాగే మొదలుపెట్టాను, వింటున్నకొద్దీ ఆ వీధులు చూడాలి, ఆ రొట్టె తినాలి అనిపించింది. టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉండే అక్క తోడొస్తానంది, బావగారు ఇల్లు నేను చూసుకుంటాలే వెళ్ళండి అన్నారు. తూర్పు చివర హాలిఫాక్స్‌లో మొదలుపెట్టి పడమటికి వచ్చాం.

జూన్ 9, హాలిఫాక్స్

పొద్దున్నించీ పొగమంచు, సన్నగా వాన. సముద్రం పక్కనే ఉన్నాం కానీ కనపడదు, వాసన మాత్రం వస్తోంది. ఈ ఊళ్ళో ఒక సంగతి చెప్పాలి, రోడ్డు దాటదామని అంచు దగ్గర నిలబడితే చాలు, ఎంత పెద్ద బండైనా ఆగిపోతుంది, మనం దాటేదాకా కదలదు. మేం ఊరికే మ్యాప్ చూసుకుంటూ నిలబడ్డా ఆగిపోయేవాళ్ళు, చెయ్యి ఊపి మీరు వెళ్ళండి బాబూ అని పంపించాల్సి వచ్చింది.

పియర్ 21 అంటే రేవులో పొడుగాటి షెడ్డు. 1928 నుంచి 1971 దాకా దాదాపు పది లక్షల మంది ఓడ దిగి ఈ షెడ్డులోంచే కెనడాలోకి నడిచారు. ఇప్పుడు అదే ఇమిగ్రేషన్ మ్యూజియం. టికెట్టు పదిహేను డాలర్ల పైనే, మనిషికి. లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే చోట్లు ఉన్నాయి, ఇటలీ వాళ్ళు, డచ్ వాళ్ళు, హంగరీ వాళ్ళు, యూదులు, అందరి గొంతులూ. ఎవరివి విన్నా తిండి గొడవ వస్తుంది. ఇంటి దగ్గర్నుంచి గుడ్డలో కట్టుకొచ్చిన సాసేజీలు, చీజు కస్టమ్స్ వాళ్ళు తీసేసుకునేవాళ్ళట, బదులుగా రైల్లో దూదిలాంటి తెల్ల బ్రెడ్డు దొరికేదట, అది వాళ్ళకి నచ్చేది కాదట. అక్క వింటూనే మన ఆవకాయ జాడీ ఎయిర్‌పోర్టులో పోయినట్టే కదే అంది.

యూదుల కథలో ఈ షెడ్డుకి రెండు ముఖాలున్నాయి. ఒకటి తలుపు మూసిన ముఖం. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడ జర్మనీ నుంచి 900 మందికి పైగా యూదులతో బయల్దేరింది, క్యూబా దిగనివ్వలేదు, అమెరికా రానివ్వలేదు, కెనడా కూడా వద్దంది, ఓడ వెనక్కి యూరప్ వెళ్ళిపోయింది. అందులో 254 మంది ఆ తర్వాత నాజీల చేతుల్లో చనిపోయారు. దానికి గుర్తుగా డేనియల్ లిబెస్కిండ్ అనే ఆర్కిటెక్ట్ చేసిన ఒక ఉక్కు చక్రం మ్యూజియంలో ఉంది, 2011లో పెట్టారు. నాలుగు పళ్ళచక్రాలు, ఒక్కోదాని మీద ఒక్కో మాట, ద్వేషం, జాతివివక్ష, పరాయివాళ్ళంటే పగ, యూదుల మీద పగ, చిన్న చక్రం తిరిగితే పెద్దవి తిరుగుతాయి. వెనకవైపు ఓడలో ఉన్నవాళ్ళ పేర్లున్నాయి. నాజీల కాలం మొత్తంలో కెనడా రానిచ్చిన యూదు శరణార్థులు 5,000 దగ్గర మాత్రమే, అంత పెద్ద దేశం. పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2018లో.

రెండో ముఖం 1947లో. యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న యూదు పిల్లల్ని కెనడా యూదుల సంఘం, అంటే కెనడియన్ జూయిష్ కాంగ్రెస్, ఖర్చంతా మాదే అని ప్రభుత్వానికి పూచీ ఇచ్చి తెప్పించింది. 1949 దాకా మొత్తం 1,123 మంది వచ్చారు. పెంచుకుంటాం అని ముందుకొచ్చిన కుటుంబాలు ఎక్కువగా చిన్న ఆడపిల్లలు కావాలన్నాయి, ఓడ దిగింది మాత్రం ఎక్కువమంది పదహారు పదిహేడేళ్ళ మగపిల్లలు, నాజీల క్యాంపుల్లో బతికి బయటపడేది ఆ వయసువాళ్ళే కదా మరి. ఈ ముక్క విన్నాక నేను కాసేపు ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఎవరికీ కావాల్సిన వయసు కాని పిల్లాడు ఓడ దిగి, ఎవరింటికి పంపుతారో తెలీక, చేతిలో చిన్న సూట్‌కేసుతో.

అక్కడ వాలంటీరుగా ఉన్న ఒక పెద్దావిడ మా దగ్గరికొచ్చి కూర్చుంది. ఆవిడ చెప్పింది నాకు ఈ ప్రయాణమంతా పనికొచ్చింది. కెనడాకి రాగానే మీకు ఎలా అనిపించింది అని అడిగితే బాగానే ఉంది అని ఊరుకుంటారట, ఓడ దిగాక మొదట ఏం తిన్నారు, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగితే గంట మాట్లాడతారట.

మధ్యాహ్నం రేవు దగ్గర చేపల చౌడర్ తాగాం, చిక్కటి పాలల్లో చేప ముక్కలు, బంగాళాదుంప, పక్కన వేడి బన్ను. చలికి అంతకన్నా మంచిది లేదు. ఇద్దరికీ నలభై డాలర్ల పైన అయింది, ఖరీదే.

జూన్ 11, మాంట్రియల్, సెయింట్ లారెంట్ వీధి

ఈ వీధి ఊరిని రెండుగా చీలుస్తుంది, తూర్పు వైపు ఫ్రెంచ్ వాళ్ళు, పడమర వైపు ఇంగ్లీష్ వాళ్ళు అని పాత లెక్క. ఇంటి నంబర్లు కూడా ఇక్కడి నుంచే రెండు వైపులకీ మొదలవుతాయి. మధ్యలో ఈ వీధి పొడుగునా, దాని చుట్టుపక్కలా యూదులు స్థిరపడ్డారు, 20వ శతాబ్దం మొదటి సగంలో ఈ ఊళ్ళో ఫ్రెంచ్, ఇంగ్లీష్ తర్వాత ఎక్కువగా వినపడిన భాష యిడ్డిష్, తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష. 1907 నుంచి యిడ్డిష్‌లో పేపరు కూడా వచ్చేది, కెనెడర్ ఆడ్లర్ అని.

మమ్మల్ని తిప్పింది ఒక రిటైరైన టీచరమ్మ. వాళ్ళమ్మ ఇక్కడే ఒక గౌన్ల ఫ్యాక్టరీలో పనిచేసిందట. పెద్ద పెద్ద ఇటుక భవనాలు చూపించింది, ఇప్పుడన్నీ ఆఫీసులు, స్టూడియోలు, ఒకప్పుడు ప్రతి అంతస్తులోనూ కుట్టుమిషన్లే. పీస్ రేటు, అంటే ఎన్ని కుడితే అన్ని డబ్బులు. సీజన్ ఉన్నప్పుడు రాత్రి పగలూ పని, లేనప్పుడు ఇంట్లో కూర్చోవడం. మా నాన్న తెనాలిలో టైలరు, పండగల ముందు మా ఇంట్లో పరిస్థితి ఇదే, సంక్రాంతి అయిపోయిన మర్నాటి నుంచి మిషను మీద గుడ్డ కప్పేసి ఉండేది. అందుకే ఆవిడ కటింగ్ టేబులు ఎంత పొడుగుండేదో, కాజాలు కుట్టేవాళ్ళు కిటికీ పక్కన ఎందుకు కూర్చునేవాళ్ళో చెబుతుంటే నేను మధ్యలో అడ్డొచ్చి అడుగుతూనే ఉన్నాను, ఇస్త్రీ ఎవరు చేసేవాళ్ళు, సుద్దతో గీసేది ఎవరు, దారం ఎవరి ఖర్చు అని. దారం ఎవరి ఖర్చు అన్నదానికి ఆవిడ నడవడం ఆపేసింది. కొన్నిచోట్ల దారం డబ్బులు కూలీల జీతంలోంచే పట్టుకునేవాళ్ళని అమ్మ చెప్పేది, ఎన్నేళ్ళ తర్వాత గుర్తొచ్చిందో అంది.

ఆవిడ ఒక భవనం ముందు ఆపి 1937 సమ్మె గురించి చెప్పింది. ఏప్రిల్‌లో దాదాపు 5,000 మంది గౌన్లు కుట్టే ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి వీధిలోకి వచ్చారు. యూదు అమ్మాయిలు, ఫ్రెంచ్ కెనడియన్ క్యాథలిక్ అమ్మాయిలు కలిసి. చర్చి ఒప్పుకోలేదు, ఓనర్లు ఒప్పుకోలేదు, ఆ ఓనర్లలో చాలామంది యూదులే, ఆ మాట కూడా ఆవిడ దాచకుండా చెప్పింది, అది నాకు నచ్చింది. వీళ్ళని కలిపినవాళ్ళలో లియా రోబాక్ ఒకావిడ, 1903లో పుట్టింది, యిడ్డిష్, ఫ్రెంచ్, ఇంగ్లీష్ మూడూ ధారాళంగా మాట్లాడేది, పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరి భాషలో వాళ్ళతో మాట్లాడి యూనియన్‌లో చేర్చింది. మూడు వారాలకి ఓనర్లు దిగొచ్చారు. లియా రోబాక్ 2000 దాకా బతికింది, ముసలితనంలో కూడా తన కథ తనే చెప్పుకుంది, అలా చెప్పబట్టే ఈ సమ్మెలో వాళ్ళ పాటలు, జోకులు, గేటు దగ్గర పోలీసులతో వాదనలు మిగిలాయి.

తర్వాత 1928 నుంచి ఉన్న ష్వార్ట్జ్ డెలీ ముందు క్యూలో నిలబడ్డాం. రొమేనియా నుంచి వచ్చిన ఒక యూదు పెట్టిన హోటలు. స్మోక్డ్ మీట్ అంటే బీఫే, మసాలాలు పట్టించి రోజుల తరబడి ఊరబెట్టి పొగ పట్టించి ఆవిరి మీద ఉడికిస్తారు, చేత్తో కోసి రై బ్రెడ్డులో దట్టంగా పెట్టి పసుపు ఆవాల ముద్ద రాసి ఇస్తారు. నేను బీఫ్ తినను, అక్క తింటుంది. కొవ్వు ఎంత కావాలో చెప్పి అడగాలట, మా ముందు నిలబడ్డాయన మీడియం అనండి, లీన్ అంటే ఇక్కడ నవ్వుతారు అని అక్కకి ముందే చెప్పాడు. టేబుళ్ళు చిన్నవి, తెలియనివాళ్ళ పక్కనే కూర్చోబెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను దోసకాయ ఊరగాయ, కోల్‌స్లా, బంగాళాదుంప వేపుళ్ళు, బ్లాక్ చెర్రీ సోడాతో సరిపెట్టుకున్నాను, కడుపు నిండింది.

జూన్ 12, మాంట్రియల్, లైబ్రరీలో

జూయిష్ పబ్లిక్ లైబ్రరీ 1914లో మొదలైంది, పాత వీధుల నుంచి జనం పడమటికి జరిగినట్టే లైబ్రరీ కూడా జరిగి ఇప్పుడు కోట్ సాంత్ కాథరీన్ రోడ్డులో ఉంది. గుమ్మం దగ్గర సెక్యూరిటీ, బ్యాగులు చూస్తారు, మర్యాదగానే అడుగుతారు. యూదుల సంస్థలన్నిటి దగ్గరా ఇదే, ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి, ముందుగా మెయిల్ రాసుకోండి.

ఇక్కడ 1950ల నుంచీ యిడ్డిష్ రచయితలొచ్చి మాట్లాడిన సభలన్నీ రీళ్ళ మీద రికార్డు చేశారు, ఇప్పుడు నెట్‌లోకి వచ్చేశాయి. నాకు భాష రాదు, అయినా ఒకటి పెట్టించుకుని విన్నాను. సభలో జనం నవ్వుతారు, ఎవరో దగ్గుతారు, కుర్చీ జరుపుతారు, మాట్లాడేవాడు ఆగి నీళ్ళు తాగుతాడు. యుద్ధంలో పోలండ్‌లో, లిథువేనియాలో ఆ భాష మాట్లాడే ఊళ్ళకి ఊళ్ళే పోయిన తర్వాత, ఇక్కడ ఒక హాలు నిండా మనుషులు ఆ భాషలో జోకు అర్థమై నవ్వడం ఆ రీలు మీద ఉంది.

మధ్యాహ్నం కాంకార్డియా యూనివర్సిటీలో మౌఖిక చరిత్ర సెంటరు చూశాం, 2006లో పెట్టారు. యుద్ధాలు, మారణకాండల నుంచి పారిపోయొచ్చిన మాంట్రియల్ వాళ్ళని దాదాపు 500 మందిని కూర్చోబెట్టి మాట్లాడించారు, నాజీలు యూదుల మీద చేసిన మారణకాండ, హోలోకాస్ట్ నుంచి బతికిన యూదులు, రువాండా, కంబోడియా, హైతీ వాళ్ళు. వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చింది. గంటలో అయిపోగొట్టరు, పుట్టినప్పటి నుంచీ చెప్పుకోనిస్తారు, అవసరమైతే మళ్ళీ మళ్ళీ వెళ్తారు, రికార్డు అయ్యాక ఏది బయటికి రావాలి, ఏది రాకూడదు అనేది చెప్పినవాళ్ళ ఇష్టం. మన దగ్గర పెద్దవాళ్ళ ఇంటర్వ్యూలంటే ఫోను మొహం మీద పెట్టి రెండు నిమిషాల్లో మీ సందేశం ఏమిటండీ అంటున్నారు, అలా అడిగితే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది.

సాయంత్రం టీచరమ్మ తనకి తెలిసిన ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళింది. మొరాకోలో పుట్టాడు, 1960ల్లో కుర్రాడిగా వచ్చాడు. నేను అప్పటిదాకా కెనడా యూదులంటే పోలండ్, రష్యా వైపు వాళ్ళే అనుకుంటూ చదివాను, మాంట్రియల్‌లో 1950ల చివర నుంచీ మొరాకో యూదులు వేలల్లో వచ్చారు, వాళ్ళకి యిడ్డిష్ రాదు, ఇంట్లో ఫ్రెంచో అరబ్బీయో. ఇక్కడ చిక్కొచ్చింది. మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో స్కూళ్ళు అప్పట్లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ అని రెండే రకాలు, 1903 చట్టం ప్రకారం యూదు పిల్లలు చదువు మట్టుకు ప్రొటెస్టెంట్ల కింద లెక్క. ప్రొటెస్టెంట్ స్కూళ్ళు ఎక్కువగా ఇంగ్లీష్‌లో, ఫ్రెంచ్ స్కూళ్ళు దాదాపు అన్నీ క్యాథలిక్, వాళ్ళు తీసుకోరు. దాంతో ఫ్రెంచ్ తప్ప రాని మొరాకో పిల్లలు ఇంగ్లీష్ స్కూల్లో కూర్చోవాల్సొచ్చింది, ఊరేమో ఫ్రెంచ్ ఊరు. చివరికి 1969లో ఎకోల్ మైమోనిడ్ అని ఫ్రెంచ్‌లో చెప్పే యూదు స్కూలు వాళ్ళే పెట్టుకున్నారు.

ఆయన చెప్పేటప్పుడు వాళ్ళావిడ పుదీనా టీ పోస్తూనే ఉంది, గ్లాసు ఖాళీ అయితే ఊరుకోదు, బాదం పిండితో చేసిన బిస్కట్లు పెట్టింది. వచ్చిన కొత్తలో ఇక్కడి పాత యూదులు మమ్మల్ని చూసి మీరు నిజంగా యూదులేనా, యిడ్డిష్ రాదా అన్నారు, ఫ్రెంచ్ వాళ్ళేమో నీకు ఇంత మంచి ఫ్రెంచ్ ఎలా వచ్చింది అన్నారు అని చెప్పాడు. కోపంగా కాదు, ఇంకా కాస్త ఆశ్చర్యంగానే. మమ్మల్ని ఎవరైనా ఇంటర్వ్యూ చేయడానికి వస్తే యుద్ధం గురించే అడిగేవాళ్ళు, మా బడి గురించి చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు అన్నాడు.

జూన్ 13, మైల్ ఎండ్, ఔట్రమాంట్

మాంట్రియల్‌లో ఎక్కడ చూసినా రోడ్డు తవ్వి ఆరెంజ్ రంగు కోన్లు పెట్టేస్తారు. మా బస్సు దారి మళ్ళి ఎక్కడో దింపేసింది, అక్కడి నుంచి నడుస్తూ ఉంటే ఆచారాలు గట్టిగా పాటించే హసిదీ యూదుల వీధుల్లోకి వచ్చేశాం. నల్ల కోట్లు, టోపీలు, చెంపల దగ్గర మెలితిరిగిన జుట్టుతో పిల్లలు స్కూటర్ల మీద దూసుకుపోతున్నారు, అమ్మలు పిల్లల బళ్ళు తోసుకుంటూ గబగబా కొట్లకి. శుక్రవారం కదా, పొద్దు గుంకేలోపు వంట, షాపింగు అన్నీ అయిపోవాలి, తర్వాత సబాత్, పని చెయ్యకూడని విశ్రాంతి రోజు. యిడ్డిష్ ఇక్కడ రీళ్ళ మీద కాదు, వీధిలోనే ఉంది, పిల్లలు దానిలోనే తిట్టుకుంటున్నారు. ఫోటోలు తీయలేదు, తీయకూడదు కూడా, వాళ్ళకి ఇష్టముండదు. దారి అడిగితే ఒకాయన మా మొహం చూడకుండా పక్కకి చూస్తూనే చాలా వివరంగా చెప్పాడు. ఆడవాళ్ళతో వాళ్ళ మర్యాద అది, తప్పుగా తీసుకోనక్కర్లేదు.

ఆయన చెప్పిన దారినే బేగెల్ కొట్లు. ఫెయిర్‌మౌంట్ వాళ్ళ కుటుంబం 1919 నుంచీ చేస్తోంది, సెయింట్ వియాటూర్ 1957లో, హోలోకాస్ట్ నుంచి బతికొచ్చిన మాయెర్ లెవ్‌కోవిచ్ పెట్టింది. ఊరు రెండు పక్షాలు, అమ్మ ఏ కొట్లో కొనేదో పిల్లలూ అదే. పిండిని చేత్తో పొడుగ్గా పాముతారు, వేళ్ళ చుట్టూ తిప్పి గుండ్రంగా అతికిస్తారు, తేనె కలిపిన నీళ్ళలో ఉడికిస్తారు, నువ్వుల్లో దొర్లిస్తారు, పొడవాటి సన్నటి చెక్క మీద వరసగా పేర్చి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. రాత్రీ పగలూ ఆగదు. ఒక్కోటి రెండు డాలర్ల లోపే. వేడివేడిది కాగితం సంచీలోంచి తీసి వీధిలో నిలబడే తిన్నాం, పైన కరకర, లోపల సాగుతుంది, కాస్త తీపి, నువ్వుల వాసన. న్యూయార్క్ బేగెల్ కన్నా సన్నగా, చిన్నగా ఉంటుంది, నా ఓటు దీనికే. అక్క రెండు కొట్లలోనూ తిని నాది ఫెయిర్‌మౌంట్ అంది, నాది వియాటూర్, మేమూ రెండు పక్షాలయ్యాం.

జూన్ 15, టొరంటో, క్రిస్టీ పిట్స్

ఆదివారం మధ్యాహ్నం. క్రిస్టీ పిట్స్ అంటే పల్లంగా ఉన్న పెద్ద పార్కు, బేస్‌బాల్ ఆట జరుగుతోంది, టికెట్ లేదు, వాలుగా ఉన్న గడ్డి మీద ఎక్కడైనా కూర్చోవచ్చు. కుక్కలు, పిల్లలు, పోర్చుగీసు తాతలు, కొరియా వాళ్ళు. ఇదే చోట 1933 ఆగస్టు 16న, హిట్లర్ వచ్చిన ఏడాదే, ఒక బేస్‌బాల్ మ్యాచ్ అయ్యాక కొందరు కుర్రాళ్ళు స్వస్తిక వేసిన గుడ్డ పైకెత్తారు. ఒక పక్క హార్బోర్డ్ జట్టు, యూదు, ఇటాలియన్ కుర్రాళ్ళు. కొట్లాట మొదలై చుట్టుపక్కల వీధులకి పాకింది, స్పడైనా వీధి వైపు నుంచి ట్రక్కుల్లో యూదు కుర్రాళ్ళు, వాళ్ళకి తోడు ఇటాలియన్లు వచ్చారు, వేలమంది, గంటల కొద్దీ సాగింది. అంతకుముందు కొన్ని వారాల నుంచే ఊరి తూర్పున లేక్ ఒడ్డున స్వస్తిక క్లబ్బు వాళ్ళు బ్యాడ్జీలు పెట్టుకుని యూదుల్ని బీచికి రాకుండా చేస్తున్నారు. ఇప్పుడు పార్కులో ఒక ఫలకం ఉంది, 2008లో పెట్టింది.

పక్కన కూర్చున్న పెద్దాయన వాళ్ళ నాన్న ఆ రోజు అక్కడ ఉన్నాడని చెప్పాడు, ఆయనకి అప్పుడు పదిహేనేళ్ళట. నాన్న ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట. తర్వాత ఎప్పుడో ఒక కాలేజీ అమ్మాయి టేప్ రికార్డరు పట్టుకొస్తే ఆ అమ్మాయికి చెప్పాడట, చేతిలో ఉన్నది కర్రా పైపా అనేదాకా. నాన్న పోయాక ఆ టేపులో విన్నాను అన్నాడు. సొంత కొడుక్కి చెప్పనిది పరాయి అమ్మాయికి ఎందుకు చెప్పారంటారు అని అడిగాను. ఆ అమ్మాయి అడిగింది, నేను అడగలేదు అన్నాడు, అని ఆటలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆట ఎవరు గెలిచారో నేను చూడలేదు.

జూన్ 16, కెన్సింగ్టన్ మార్కెట్, బాథర్స్ట్ రోడ్డు

కెన్సింగ్టన్ ఇప్పుడు చీజు కొట్లు, పాత బట్టలు, మెక్సికో టాకోలు, గోడల మీద బొమ్మలు. 1920ల్లో, 30ల్లో ఇది యూదుల సంత. ఇళ్ళ ముందు వరండాల్లోనే బల్లలు వేసి అమ్మేవాళ్ళు, కోళ్ళు బుట్టల్లో, చేపలు తొట్టెల్లో బతికే ఉండేవి. ఇళ్ళు ఇప్పటికీ అవే, వరండా ముందుకి తోసుకొచ్చి కొట్టయిన తీరు కాస్త ఆగి చూస్తే కనిపిస్తుంది. బెల్‌వ్యూ పార్కు మూల మీద కీయెవర్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఉంది, యుక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు 1927లో కట్టుకున్నది, రెండు చిన్న గుమ్మటాలతో.

ఒంటారియో జూయిష్ ఆర్కైవ్స్ ఊరికి ఉత్తరంగా బాథర్స్ట్ రోడ్డులో, 1973లో మొదలైంది. వెళ్ళడానికి టీటీసీ, అంటే ఊరి బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థ, బళ్ళలో కార్డు మీద 3.30 డాలర్లు, రెండు గంటల్లోపు ఎన్ని బళ్ళు మారినా అంతే. నేను ఇక్కడ వినాలనుకున్నది 1948 దర్జీల సంగతి. యుద్ధం అయ్యాక యూరప్ శరణార్థి క్యాంపుల్లో యూదులు వేలల్లో ఉండిపోయారు, కెనడా ఇంకా తలుపు పూర్తిగా తియ్యలేదు. అప్పుడు మాక్స్ ఎన్‌కిన్ అనే బట్టల ఫ్యాక్టరీ ఆయన, యూనియన్ వాళ్ళు కలిసి మాకు దర్జీలు కావాలి అని ప్రభుత్వాన్ని ఒప్పించి క్యాంపులకి వెళ్ళారు, సూది దారం ఇచ్చి కుట్టి చూపించమన్నారు, అలా రెండు వేలకి పైగా దర్జీలు కుటుంబాలతో వచ్చారు. అందులో యూదులు సగానికి మించకూడదని మళ్ళీ ప్రభుత్వం షరతు. దర్జీ పని రానివాళ్ళు కూడా వచ్చారు, రాత్రికి రాత్రి పక్కవాడి దగ్గర నేర్చుకుని పరీక్షకి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. మా నాన్న దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళకి కాజా సరిగ్గా రావడానికే నెలలు పట్టేది. ప్రాణం మీదికొస్తే రాత్రిలో వస్తుందేమో, చేతులు ఎంత వణికుంటాయో.

సాయంత్రం యునైటెడ్ బేకర్స్‌లో తిన్నాం, 1912 నుంచీ నడుస్తున్న పాల హోటలు. యూదుల ఆచారంలో పాలూ మాంసమూ కలిపి తినకూడదు, కాబట్టి పాల హోటలంటే మాంసం ఉండదు, చేప ఉంటుంది అంతే, శాకాహారులు నిశ్చింతగా వెళ్ళొచ్చు. చిక్కటి బఠాణీ సూపు, జున్ను పెట్టి మడిచిన పల్చటి అట్లు, వాటిని బ్లింట్జెస్ అంటారు, పైన పుల్లటి మీగడ. ఇద్దరికీ టిప్పుతో అరవై డాలర్లు. పక్క టేబుల్ బామ్మ మమ్మల్ని వదల్లేదు, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, సూపు చల్లారిపోతోంది తాగు. ఇండియాలో యూదులున్నారా అని అడిగితే కొచ్చి వాళ్ళ గురించి, కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ వాళ్ళ గురించి చెప్పాను, మా గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ మేము బెనె ఎఫ్రాయిం, యూదులం అని చెప్పుకునే కుటుంబాలున్నాయి అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. వాళ్ళ ముసలివాళ్ళ మాటలు ఎవరైనా రికార్డు చేస్తున్నారా అంది. పరిశోధకులు వచ్చి మాట్లాడి రాశారు అన్నాను. రాయడం కాదు, గొంతు, గొంతు అని టేబుల్ మీద కొట్టింది.

జూన్ 18, విన్నిపెగ్

ఇక్కడ ఆకాశమే ఊరు. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు, దోమలు మాత్రం మన వైపు వాటి కన్నా పెద్దవి.

పాత యూదుల పేట నార్త్ ఎండ్, రైలు పట్టాలకి అవతల. పట్టాలకి ఇవతల డబ్బున్న ఊరు, అవతల యుక్రెయిన్ వాళ్ళు, పోలండ్ వాళ్ళు, యూదులు. 1919లో ముప్పై వేల మందికి పైగా పని ఆపేసిన పెద్ద సమ్మె ఈ ఊళ్ళోనే, ఆ సమ్మెలో అరెస్టయిన ఏబ్రహాం హీప్స్ అనే యూదుని నార్త్ ఎండ్ జనం 1925లో పార్లమెంటుకి పంపి 1940 దాకా ఉంచారు. సెల్కిర్క్ అవెన్యూ మీద ఒక పాత బేకరీలో రై బ్రెడ్డు కొన్నాం. కొన్ని కొట్లు మూతపడి ఉన్నాయి, వీధి పేదగా ఉంది, ఇప్పుడు ఎక్కువగా మూలవాసులు ఉంటున్నారు, వాళ్ళ కష్టాలు వేరే. యూదులు చాలావరకు 1950ల నుంచీ ఇక్కడి నుంచి జరిగిపోయారు.

జూన్ 19, విన్నిపెగ్

పశ్చిమ కెనడా యూదుల చరిత్ర సెంటరు ఊరికి దక్షిణాన ఆస్పర్ క్యాంపస్‌లో ఉంది. ఇక్కడ నాకు కొత్తగా తెలిసింది వ్యవసాయం. యూదులంటే కొట్లు, కుట్టుపని అనుకుంటాం, 1880ల నుంచే ససకాచెవాన్ గడ్డి మైదానాల్లో యూదు రైతులున్నారు. 160 ఎకరాలు, పది డాలర్ల ఫీజు, ఇల్లు కట్టి దున్ని చూపిస్తే నీదే. యూరప్‌లోని యూదు ధనవంతుడు బారన్ హిర్ష్ డబ్బుతో 1892లో హిర్ష్ అనే కాలనీ, 1906లో ఈడెన్‌బ్రిడ్జ్, అక్కడి చెక్క సినగాగ్ ఇంకా నిలబడే ఉంది. చలి మైనస్ నలభై, బడి లేదు, పెళ్ళికి సంబంధాలు లేవు, చాలామంది పిల్లల చదువు కోసం విన్నిపెగ్ వచ్చేశారు. మాకూ అంతే కదే, పొలం అమ్మి పిల్లల కోసం టౌన్‌కి వచ్చినవాళ్ళెంతమంది అంది అక్క.

అక్కడే కాఫీ దగ్గర ఒక వాలంటీరు ఇద్దరు తోబుట్టువులతో రికార్డింగు చేయడానికి కూర్చుంది, పెద్దావిడకి తొంభై దగ్గర, తమ్ముడికి ఎనభై దాటాయి. మేం వింటామంటే వాళ్ళు కూర్చోమన్నారు. వాళ్ళ తాత ససకాచెవాన్‌లో దున్నాడు, నాన్న సెల్కిర్క్ మీద చేపల కొట్టు పెట్టాడు. వాలంటీరు అడిగింది ఒకటే, కొట్లోకి అడుగు పెడితే ఎడమ చేతి వైపు ఏముండేది? అంతే, ఇంక ఆగలేదు. ఎడమ వైపు ఐసు పెట్టె అంది పెద్దావిడ. తొట్టి అన్నాడు తమ్ముడు, శుక్రవారం ముందు చేపలు బతికుండేవి, నేను చెయ్యి పెట్టి దెబ్బలు తిన్నాను. తొట్టి వెనక, నువ్వు అప్పటికి పాకుతున్నావు, నీకేం తెలుసు అంది. కొట్టు ఏ మూల మీద అన్నదగ్గర గొంతులు లేచాయి, పక్క టేబుళ్ళ వాళ్ళు కూడా వచ్చి చేరారు, ఒకాయన పళ్ళకొట్టు ఎదురుగా అన్నాడు, ఇంకొకావిడ పళ్ళకొట్టు అసలు ఆ వీధిలోనే లేదు అంది. వాలంటీరు ఎవర్నీ ఆపలేదు, సరిచెయ్యలేదు, మైకు మాత్రం ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు జరుపుతూ ఉంది. రెండు గంటలయ్యాక పెద్దావిడ లేచి, కోటు వేసుకుంటూ, వీడు చెప్పింది కొట్టెయ్యి అంది. రెండూ ఉంచుతాను, వచ్చే వారం రండి, ఇంకా మేడ మీద గదుల దగ్గరికి రాలేదు మనం అంది వాలంటీరు. వస్తాను, వీడు లేకుండా అంది పెద్దావిడ, తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.